సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. ఈయన కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి.రామన్ వద్ద పరిశోధన చేశారు. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. 1952-57 మధ్య ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగాను, 1957-62 మధ్య బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగాను, డి.ఎస్.కొఠారి తరువాత 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగాను పనిచేశారు.

సమూహ సిద్ధాంతం

పదవుల మాట అటుంచితే, ఈయన కృషిలో చిరకాలం నిలిచేది టి.వెంకటరాయుడుతో కలిసి వ్రాసిన సమూహ సిద్ధాంత గ్రంథమే. దీనిని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఒక వస్తువు సౌష్ఠవాన్ని బట్టి దానిలో ఏ ధర్మాలు సాధ్యమో, ఏవి అసాధ్యమో పెద్ద లెక్కలు లేకుండానే తేల్చడం ఈ పద్ధతి ప్రయోజనం. 1960లలో భగవంతం దీనిని అయస్కాంత స్ఫటికాలకు కూడా అన్వయించారు.

ఇదే తర్కం మైక్రోవేవ్ పరికరాలకూ వర్తిస్తుంది. ఒకే ఆంటెన్నాతో తరంగాలను పంపుతూ, అందుకొనే రాడార్లలో రెంటినీ వేరుచేయడానికి సర్క్యులేటరు వాడుతారు. మూడు దారులు 120 డిగ్రీల ఎడంతో కలిసే కూడలిలో ఫెర్రైటు బిళ్ళ ఉంటుంది. అయస్కాంతం లేనప్పుడు ఆ కూడలికి భ్రమణ సౌష్ఠవంతో పాటు దర్పణ సౌష్ఠవమూ ఉంటుంది. కనుక ఒక దారిన వచ్చిన తరంగం మిగిలిన రెంటిలోకి సమానంగా చీలక తప్పదు. బిళ్ళను నిలువుగా అయస్కాంతీకరిస్తే దర్పణ సౌష్ఠవం తొలగిపోతుంది. అప్పుడే ఒకటవ దారి తరంగం రెండవదానిలోకి, రెండవదానిది మూడవదానిలోకి మాత్రమే పోయేలా చేయవచ్చు. 1959లో ఆల్డ్ ఈ సౌష్ఠవ వాదంతోనే సర్క్యులేటరు రూపకల్పనను వివరించారు. బిళ్ళ కొలతలను లెక్కించే మార్గాన్ని 1964లో బోస్మా చూపారు. ఈ రూపకల్పన భగవంతం గారిది కాదు. అయితే వాల్తేరు గ్రంథం చదువుకున్న విద్యార్థికి ఇందులోని వాదం కొత్తగా తోచదు.