సి.కె. నాయుడు: పరాయి ఊళ్లో పుట్టి దేశానికి కెప్టెన్ అయిన తెలుగువాడు



మన సత్యనారాయణపేటలో సాయంత్రం అయితే చాలు, ఏ సందులో చూసినా బ్యాట్, బంతి కనిపిస్తాయి. ఆడే పిల్లల్ని ఆపి, భారత జట్టుకు మొట్టమొదటి టెస్ట్ కెప్టెన్ ఎవరని అడిగి చూడండి. చాలామందికి తెలియదు. ఆయన తెలుగువాడు. పేరు కొట్టారి కనకయ్య నాయుడు. లోకమంతా సి.కె. అని పిలిచేది.

ఆయన 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టారు. పెద్దలది మచిలీపట్నం ప్రాంతం. తాతల కాలంలోనే ఆ కుటుంబం నాగపూర్ చేరి స్థిరపడింది. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ, బడిలో ఇంగ్లీషు. మన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు కదా! ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం మాట్లాడుతూ పెరిగేవాళ్లే మీరూ.

1916లో ఆయన బొంబాయిలో తొలి పెద్ద మ్యాచ్ ఆడారు. అప్పట్లో జట్లు మతాల వారీగా ఉండేవి. ఈయన హిందూ జట్టులో ఉన్నారు, ఎదురుగా యూరోపియన్ల జట్టు. 79 పరుగులకే ఏడు వికెట్లు పోయాక ఈయన దిగారు. మొదటి మూడు బంతులు నిదానంగా ఆపి, నాలుగోదాన్ని సిక్సర్ కొట్టారు. జీవితాంతం ఆయన ఆట తీరు అదే.

1923లో ఇండోర్ హోల్కర్ రాజు ఆయన్ని పిలిపించుకుని, తన సైన్యంలో కొలువు ఇచ్చారు. కల్నల్ అనే బిరుదు అక్కడ వచ్చిందే. క్రికెట్ ఆడి బతకడం కుదరని రోజులవి, రాజుల ఆదరణ ఉంటేనే ఆటగాడికి తిండి, తీరిక ఉండేవి.

1926లో ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో నాయుడుగారు రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు! మనల్ని పాలిస్తున్నవాళ్ల బౌలింగ్‌ను మనవాడొకడు అలా చితక్కొడుతుంటే చూసిన జనానికి ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో ఊహించుకోండి. ఆ తర్వాత రెండేళ్లకు, 1928లో, మన క్రికెట్ బోర్డు ఏర్పడింది.

1932లో భారత జట్టు తొలి టెస్ట్ ఆడడానికి ఇంగ్లండ్ వెళ్లింది. కెప్టెన్‌గా పోర్‌బందర్ మహారాజును పెట్టారు, వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుమారుడు. ఆట కంటే వంశానికి విలువ ఎక్కువ అన్నమాట. అయితే మహారాజు తన ఆట సంగతి తెలుసుకుని పెద్దమనసుతో పక్కకు తప్పుకున్నారు. రాజకుమారుడికి గాయమైంది. అలా 1932 జూన్ 25న లార్డ్స్‌లో రాజు కాని మనిషి జట్టును నడిపించాడు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా, మొదటి ఇన్నింగ్స్‌లో అందరికంటే ఎక్కువగా 40 పరుగులు చేశారు. మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. కానీ 19 పరుగులకే ఇంగ్లండ్‌వాళ్ల మూడు వికెట్లు పడగొట్టిన ఆ ఉదయాన్ని అక్కడివాళ్లు మరిచిపోలేదు. మరుసటి ఏడు విజ్డెన్ పుస్తకం ఎంపిక చేసిన ఐదుగురు ఆటగాళ్లలో నాయుడుగారు ఒకరు. భారత జట్టు తరఫున ఆడి ఆ గౌరవం పొందిన మొదటివారు ఆయనే.

పిల్లలూ, ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. ఆయన కెప్టెన్‌గా ఉన్న నాలుగు టెస్టుల్లో ఒక్కటీ గెలవలేదు. మూడు ఓడాం, ఒకటి డ్రా. మొత్తం ఆడింది ఏడు టెస్టులే, చేసింది 350 పరుగులు. అంకెలు చూస్తే చిన్నవే. ఆ రోజుల్లో మనకు టెస్టులే ఎన్నో ఉండేవి కావు.

1936లో మళ్లీ ఇంగ్లండ్ వెళ్లినప్పుడు కెప్టెన్ పదవి ఆయనకు దక్కలేదు. విజయనగరం మహారాజకుమార్‌కు ఇచ్చారు. ఆయనదీ తెలుగునాటి రాజవంశమే, కానీ మూడు టెస్టుల్లో కలిపి చేసిన పరుగులు 33. జట్టులో వర్గాలు, మనస్పర్థలు. నాయుడుగారు అలిగి ఇంటికి పోలేదు, మామూలు ఆటగాడిగా ఆడారు. చివరి టెస్ట్ ఓవల్ మైదానంలో. ఇంగ్లండ్ కెప్టెన్ అలెన్ వేసిన బంతి గుండె కింద గట్టిగా తగిలింది. తట్టుకుని నిలబడి 81 పరుగులు చేశారు. ఆయన టెస్టుల్లో అదే అత్యధిక స్కోరు, అదే ఆఖరి టెస్ట్.

అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు. ఇంకెవరైనా అయితే ఇంట్లో కూర్చునేవారు. ఈయన ఇంకో ఇరవై ఏళ్లు ఆడారు. యాభై ఏళ్ల వయసులో, 1945-46 రంజీ ఫైనల్లో బరోడాపై 200 పరుగులు కొట్టారు. హోల్కర్ జట్టు నాలుగు సార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ఇంకా కొన్నేళ్లకు ఫడ్కర్ బంతికి పళ్లు ఊడిపోతే, వాటిని పక్కకు తోసి మళ్లీ బ్యాట్ పట్టుకున్నారని చెప్పుకుంటారు.

తల్లిదండ్రులకు 1953 అనగానే ఒక విషయం గుర్తొస్తుంది. ఆ ఏడు అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మన బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇక్కడి తెలుగువాళ్లం భాషా అల్పసంఖ్యాకులం అయ్యాం. అదే 1953-54 సీజన్‌లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలోకి వచ్చింది. ఆ జట్టుకు కెప్టెన్ ఎవరనుకున్నారు? నాగపూర్‌లో పుట్టి, ఇండోర్‌లో స్థిరపడిన నాయుడుగారే, 58 ఏళ్ల వయసులో! పుట్టిన ఊరు, పెరిగిన ఊరు, తాతల ఊరు మూడూ ఆయనవే. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదులుకోలేదు.

1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. బోర్డు ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. మన కర్ణాటక కుర్రాళ్లు కూడా ఆడే కల్నల్ సి.కె. నాయుడు ట్రోఫీ ఆయన జ్ఞాపకమే.

అమ్మానాన్నలకు ఒక్క మాట. మార్కులు తగ్గాయని పిల్లల బ్యాట్ అటక మీద పెట్టే ముందు కాస్త ఆలోచించండి. పిల్లలూ, మీకూ ఒక మాట. జట్టులో పేరు లేదనో, కెప్టెన్ చేయలేదనో అలిగి ఆట మానేయకండి. 1936లో నాయుడుగారు ఏం చేశారో గుర్తు తెచ్చుకుని రేపు కూడా గ్రౌండుకు రండి. హోంవర్కు మాత్రం ముందే ముగించుకోండి!