మౌన సాక్షులు

కోవిల్‌పట్టి నల్లరేగడి చేలలో నడిచివచ్చిన వారి పాదాలకు ఆ మన్ను అంటుకొని ఉంటుంది. విరుదునగర్ అంగళ్లలో మిరపకాయల బస్తాలు మోసిన వారి చొక్కాలకు ఆ ఘాటు పడుతుంది. మనిషి అడుగుపెట్టిన చోట తనది కొంత వదలి వస్తాడు. అక్కడిది కొంత వెంట తెచ్చుకొంటాడు. ఈ చిన్న సత్యాన్ని నేర పరిశోధనకు పునాదిగా నిలిపిన శాస్త్రవేత్త ఎడ్మండ్ లోకార్డ్.

లోకార్డ్ 1877లో ఫ్రాన్సు దేశంలో జన్మించాడు. లియాన్ నగరంలో వైద్యం చదివి, ఆచార్య లకసాన్య వద్ద న్యాయవైద్యంలో శిక్షణ పొందాడు. పిమ్మట న్యాయశాస్త్రం కూడా అభ్యసించాడు. ఆ రోజులలో నేర నిరూపణకు సాక్షుల మాటలు, నిందితుల ఒప్పుకోళ్లే ముఖ్య ఆధారాలు. సాక్షి పొరబడినా, భయపడి నిర్దోషి నేరం ఒప్పుకొన్నా న్యాయం దెబ్బతినేది. ఈ లోపాన్ని శాస్త్రంతో సరిదిద్దాలని ఆయన సంకల్పించాడు. 1910లో లియాన్ న్యాయస్థాన భవనపు అటక మీది రెండు చిన్న గదులలో, ఇద్దరు సహాయకులతో ప్రయోగశాల ప్రారంభించాడు.

1912లో ఆ నగరంలో ఒక యువతి హత్యకు గురైంది. ఆ రాత్రి తమతో పేకాడుతూనే ఉన్నాడని అనుమానితుని మిత్రులు చెప్పారు. లోకార్డ్ అతని గోళ్ల సందుల్లోని మురికిని తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. చర్మపు పొరల మీద గులాబిరంగు పొడి కనిపించింది. అది ఆ యువతి కోసం ప్రత్యేకంగా తయారైన ముఖపు పొడి అని తేలింది. నిందితుడు నేరం ఒప్పుకొన్నాడు. మిత్రులు అబద్ధమాడలేదు, అతడు గడియారపు ముల్లును ముందుకు తిప్పి వారిని మోసగించాడు.

వెంట్రుక కూడా ఇటువంటి మౌనసాక్షియే. దాని నడుమ ఉండే మజ్జ మనుషులలో సాధారణంగా వెంట్రుక మందంలో మూడోవంతుకు మించదు. చాలా జంతువులలో సగానికి పైగా ఉంటుంది. కుదురును బట్టి వెంట్రుక తానుగా రాలిందో, బలంగా పెరికిందో తెలుసుకోవచ్చు. లోకార్డ్ సమకాలికుడు బల్తజార్ 1910లో మార్సెల్ లాంబర్ట్‌తో కలసి వెంట్రుకలపై గ్రంథం ప్రచురించాడు. అయితే పోలిక మాత్రమే చూసి ఆ వెంట్రుక ఫలానావారిదేనని తేల్చడం ప్రమాదం. అమెరికాలో నిపుణులు పాత కేసులలో ఇలా హద్దుమీరి సాక్ష్యం చెప్పారని 2015లో బయటపడింది. అందుకే నేడు డి.ఎన్.ఎ. పరీక్ష కూడా చేస్తారు.

లోకార్డ్ నేరపరిశోధన శాస్త్రంపై ఏడు సంపుటాల గ్రంథం రచించి, 1966లో కన్నుమూశాడు. మన మద్రాసులో 1849లోనే రసాయన పరీక్షాశాల వెలసింది. నేడు మదురై, తిరునెల్వేలిలలో ప్రాంతీయ ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. దోషిని పట్టడం ఎంత అవసరమో, నిర్దోషిని కాపాడటం అంతకన్నా అవసరం. ఆ రెండు పనులకూ ఓర్పుగల పరిశీలనే ఆధారం.