అణుశాస్త్రవేత్త స్వామి జ్ఞానానంద

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరానికి సమీపాన గొరగనమూడి అనే గ్రామం ఉంది. 1896వ సంవత్సరం డిసెంబరు 5వ తేదీన ఆ గ్రామంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించారు. నరసాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాలలో విద్యాభ్యాసం చేశారు. చిన్ననాడే వేదాంతంపై మక్కువ పెంచుకున్న ఆయన యౌవనారంభంలో ఇల్లు విడిచి హిమాలయాలకు తరలిపోయారు. ఏళ్ల తరబడి యోగసాధనలో గడిపి, సన్యాసం స్వీకరించి, స్వామి జ్ఞానానంద అయ్యారు. కథ ఇంతటితో ముగిసి ఉంటే ఆయన మన దేశంలోని అనేకమంది యతులలో ఒకరుగా మిగిలిపోయేవారు.

1920ల చివర స్వామి జర్మనీ చేరారు. యోగశాస్త్రంపై ఆయన ఇచ్చిన ఉపన్యాసాలకు అక్కడ ఆదరణ లభించింది. ఐరోపాలో గురుపీఠం అలంకరించి సుఖంగా జీవించడానికి ఆ ఆదరణ చాలు. కాని ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయన మనసును మరో దిక్కుకు మళ్లించింది. పదార్థ స్వరూపాన్ని ధ్యానంతోనే కాక ప్రయోగంతో కూడ తెలుసుకోవాలన్న తపన కలిగింది. వయసు ముప్పై దాటింది; భాష పరాయిది. అయినా డ్రెస్డెన్‌లో గణిత, భౌతిక శాస్త్రాల అభ్యాసానికి విద్యార్థిగా కూర్చున్నారు. హిమాలయాలకు వెళ్లడం కంటె ఇదే కష్టతరమైన త్యాగమేమో!

అక్కడి నుండి ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి ఆచార్య డోలెయ్‌షెక్ వద్ద ఎక్స్-కిరణాలపై పరిశోధన చేశారు. తరంగదైర్ఘ్యం ఎక్కువగా ఉన్న ఎక్స్-కిరణాలను గాలి పీల్చివేస్తుంది. అందుచేత పరికరంలోని గాలిని దాదాపు పూర్తిగా తొలగించి శూన్యాన్ని కల్పించాలి. ఈ విద్యలో స్వామి నిష్ణాతులయ్యారు. 1936లో డి.ఎస్సి. పట్టం అందుకున్నారు. ఆయన గురువైన డోలెయ్‌షెక్ తరువాతి కాలంలో నాజీల నిర్బంధానికి గురై, 1945లో తెరెజీన్‌లో కన్నుమూశారు.

స్వామి తదుపరి మజిలీ ఇంగ్లండులోని లివర్‌పూల్. న్యూట్రాన్‌ను కనుగొన్న జేమ్స్ చాడ్విక్ అప్పుడు అక్కడ ఆచార్యులు. ఆయన వద్ద స్వామి బీటా కిరణాలను అధ్యయనం చేసి పిహెచ్.డి. పొందారు. పరమాణు కేంద్రకం నుండి వేగంగా వెలువడే ఎలక్ట్రాన్లే బీటా కిరణాలు. అయస్కాంత క్షేత్రంలో అవి వంగి ప్రయాణిస్తాయి. శక్తి తక్కువైన కొద్దీ వంపు పెరుగుతుంది; వంపును కొలిస్తే శక్తి తెలుస్తుంది. దారిలో గాలి అణువులు అడ్డు తగిలితే ఆ లెక్క తప్పుతుంది. కనుక ఇక్కడ కూడ శూన్యమే శరణ్యం. యుద్ధకాలంలో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన కొనసాగించారు. తన అనుభవసారాన్నంతా ‘హై వాక్యువా’ అనే ఆంగ్ల గ్రంథంగా రచించారు. అది 1947లో అమెరికాలో అచ్చయింది. అత్యధిక శూన్యాన్ని ఎలా కల్పించాలో, ఎలా కొలవాలో అది వివరిస్తుంది.

బీటా కిరణాల వెనుక ఉన్న దుర్బల బలం నాటి శాస్త్రవేత్తలను ఎంతో వేధించింది. న్యూట్రాన్, ప్రోటాన్‌ల లోపల క్వార్కులు ఉన్నాయన్న ప్రతిపాదన 1964లో గాని రాలేదు. న్యూట్రాన్‌లోని ఒక క్వార్కు రూపం మార్చుకోవడమే బీటా క్షయమని నేడు మనకు తెలుసు. 1974లో ఛార్మ్, 1977లో బాటమ్ అనే బరువైన క్వార్కుల జాడ తెలిసింది. ఇవి ఒంటరిగా కనబడవు. ఢీకొన్న కణాల నుండి బరువైన క్వార్కు దూసుకుపోతుంటే, దానిని పట్టి ఉంచే బలక్షేత్రం సాగి, ఆ శక్తి నుండే కొత్త క్వార్కు, ప్రతిక్వార్కుల జంట పుడుతుంది. పుట్టిన తేలిక తోడుతో జతకూడి బరువు క్వార్కు హాడ్రాన్‌గా మారుతుంది. అది సెకనులో లక్షకోటవ వంతు మాత్రం జీవించి, బీటా క్షయానికి కారణమైన ఆ దుర్బల బలం చేతనే క్షయిస్తుంది. జెనీవా వద్ద 27 కిలోమీటర్ల వలయంలో ఈ హాడ్రాన్‌లను పరిశీలించే యంత్రానికి నేటికీ ఆధారమైనవి గాలి లేని గొట్టాలు, అయస్కాంత క్షేత్రంలో వంగే కణాల దారులు. స్వామి చేతులు ఎరిగిన పనిముట్లే అవి, పరిమాణం మాత్రం వేరు.

1947లో స్వామి స్వదేశానికి తిరిగివచ్చారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశారు. రాజధానిలోని ఆ కొలువు గౌరవప్రదమైనది. అయినా 1954లో, అరవై ఏళ్లకు చేరువైన వయసులో, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తరలివచ్చారు. అప్పుడు ఉపకులపతి డాక్టర్ వి.ఎస్. కృష్ణ. కేంద్రక భౌతిక శాస్త్ర పరిశోధనకు అక్కడ పునాది నుండి అంతా కట్టుకోవలసి ఉంది. పరికరాలు సమకూర్చుకోవాలి; వాటిని నడిపే విద్యార్థులను తీర్చిదిద్దుకోవాలి. 1956లో కేంద్రక భౌతిక శాస్త్ర శాఖ ఏర్పడింది. స్వామి దానికి అధిపతి అయ్యారు. సన్యాసికి శిష్యులుండడం మన దేశంలో వింత కాదు. ఈ సన్యాసి శిష్యులు మాత్రం మంత్రోపదేశానికి బదులు కేంద్రకాల నుండి వెలువడే కిరణాలను కొలిచే విద్యను అభ్యసించారు.

1965లో స్వామి పదవీ విరమణ చేశారు. 1969లో పరమపదించారు. విశాఖలో ఆయన నెలకొల్పిన పరిశోధనశాలకు విశ్వవిద్యాలయం ఆయన పేరే పెట్టింది.