ఉపసంపద దొరకని జీవకుడు

జీవకుడంటే మీకు వెంటనే తథాగతుడి వైద్యుడే గుర్తొస్తాడు. ఈసారి మనం చెప్పుకునేది ఆ పేరే పెట్టుకున్న మరో వైద్యుడి గురించి. విహారానికి ట్రాన్స్‌జెండర్లు వస్తే ఏం చేయాలని మీలో మీరు వాదించుకుంటూ ఉంటే, ఈయన జీవితం తెలుసుకోండి.

1915లో లండన్‌లో పుట్టాడు. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసుకున్నారు. పెరిగేకొద్దీ తాను మగవాడినన్న ఎరుక గట్టిపడింది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. యుద్ధకాలంలో బ్రిస్టల్‌లో ఒక గ్యారేజీలో పనిచేస్తూ హార్మోన్ మాత్రలు వాడాడు. 1944లో జనన రికార్డు దిద్దించుకుని మైకేల్ డిలన్ అయ్యాడు. ఆ తర్వాత హెరాల్డ్ గిల్లీస్ అనే సర్జన్ దగ్గర పదికి పైగా ఆపరేషన్లు చేయించుకున్నాడు. మనసును మార్చలేనప్పుడు శరీరాన్నే దానికి తగ్గట్టు మార్చాలని 1946లో పుస్తకం రాశాడు. 1951లో డబ్లిన్‌లో డాక్టరు పట్టా తీసుకుని ఓడల్లో వైద్యుడిగా పనిచేశాడు.

ఆయనది కులీన కుటుంబం. అలాంటి కుటుంబాల వంశావళి పుస్తకాల్లో ఒకటి ఆయన్ని చెల్లెలుగా, ఇంకోటి తమ్ముడిగా చూపించాయి. 1958లో పత్రికలవాళ్లు అది పట్టుకున్నారు. రచ్చకెక్కిన బతుకును వదిలేసి భారతదేశం వచ్చేశాడు.

కాలింపాంగ్‌లో సంఘరక్షిత దగ్గర ఉన్నాడు. బాబాసాహెబ్ పరినిర్వాణం రోజున నాగపూర్‌లో మనవాళ్లకు ధైర్యం చెప్పిన ఇంగ్లిష్ భిక్షువు ఆయనే. తర్వాత సారనాథ్‌లో జీవక శ్రామణేరుడయ్యాడు. ఉపసంపద మాత్రం ఇవ్వలేదు. వినయంలోని నిషేధం అడ్డొచ్చింది.

ఇక్కడే మన వాదం మొదలవుతుంది. ధమ్మంలో వీళ్లకు చోటే లేదని ఒకరంటారు, అలాంటి నిషేధం ఎక్కడా లేదని ఇంకొకరంటారు. ఇద్దరూ సగమే చదివారని నా అభిప్రాయం. మహావగ్గ తీయండి: పండకులకు, ఉభతోబ్యంజనకులకు ఉపసంపద వద్దని ఉంది. దాచిపెట్టి లాభం లేదు. ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఆ మాటల కిందికి వస్తాడా అన్నది వేరే చర్చ. అదే వినయ పిటకంలో పారాజిక భాగం చూడండి. ఒక భిక్షువుకు స్త్రీ లక్షణాలు వచ్చాయి. తథాగతుడు వెళ్లగొట్టలేదు. పాత ఉపసంపదనూ వస్సల లెక్కనూ అలాగే ఉంచి భిక్షుణీ సంఘంలోకి పంపాడు. భిక్షుణికి పురుష లక్షణాలు వచ్చినప్పుడూ అంతే. పైగా ఆ నిషేధం ఉపసంపదకే గానీ త్రిశరణానికి, పంచశీలకు కాదు. వందనకొచ్చి చాప మీద కూర్చున్న మనిషిని లేపడానికి అది చెల్లదు. అలాగని జీవకకు వినయం చూపించినవాళ్లందరినీ దుర్మార్గులనడమూ న్యాయం కాదు, వాళ్లు తాము నమ్మిన నియమానికి కట్టుబడ్డారు. నొప్పి పడింది మాత్రం ఆయనే.

ఆయన ధమ్మాన్ని వదల్లేదు. 1960లో లద్దాఖ్‌లోని రిజోంగ్ ఆరామానికి వెళ్లాడు. టిబెటన్ సంప్రదాయంలో లోబ్‌జాంగ్ జీవక అయ్యాడు. నలభై ఐదేళ్ల డాక్టరు మళ్లీ శ్రామణేరుల వరసలోనే కూర్చున్నాడు.

1962 మే 15న డల్హౌసీలో చనిపోయాడు. అంతకు కొద్ది రోజుల ముందే తన జీవితకథ రాసి లండన్‌లోని ఏజెంటుకు పంపించాడు. అది అచ్చవడానికి యాభై ఏళ్లకు పైనే పట్టింది. పుస్తకం మీద మైకేల్ డిలన్, లోబ్‌జాంగ్ జీవక అని రెండు పేర్లూ ఉన్నాయి.