కాటన్ దొరగారును కాలువ పడవలును

సర్ ఆర్థర్ కాటన్ దొరగారి పేరు వినగానే ధవళేశ్వరపు టానకట్ట జ్ఞప్తికి వచ్చును. ఆయన త్రవ్వించిన కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక సరకులు మోయుటకును ఉద్దేశింపబడిన వను సంగతి మన విద్యార్థులలో పలువు రెరుగరు. కావున నా భాగమునే యిచట విశేషించి వ్రాయుచున్నాము.

ఆయన 1803 వ సంవత్సరము మే నెల 15 వ తేదీని ఇంగ్లండులో జన్మించి, చిన్నతనముననే చెన్నపట్టణపు ఇంజనీరు దళమున జేరి, 1821 లో ఈ దేశమునకు వచ్చెను. కావేరీ మండలమున కొల్లడమునకు ఆనకట్టలు కట్టి 1836 నాటికే ఖ్యాతి గాంచెను. దైవభక్తి మెండుగా గలవాడు.

1832-33 నాటి నందన కరవున గుంటూరు సీమలో అసంఖ్యాకులు మడిసిరి. కరవునాడు ధాన్యము ఎచ్చటనో యుండక పోదు. కాని దానిని దెచ్చునది ఎడ్లబండి. దారిలో గడ్డియు నీరును లేనపుడు ఎడ్లు నడువవు. అనగా బండి మిక్కిలి కావలసిన నాడే నిలిచిపోవును. నిలుకడ నీటిమీదనో, బాటపై కొలదిబరువు లాగు బలమే అనేక రెట్లు లాగగలదు. ఈ లెక్క దొరగారి మనస్సున గాఢముగా నాటుకొనెను.

1847 లో ఆరంభమైన గోదావరి ఆనకట్ట ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగా 1852 లో ముగిసెను. వీణెం వీరన్నగారు ఆ పనిలో ఆయనకు కుడిభుజమై యుండిరి. కాలువలకు లాకులు కట్టుటచే పడవ మెట్టుమెట్టుగా ఎక్కుటకును దిగుటకును వీలయ్యెను. క్రమముగా కాకినాడనుండి రాజమండ్రి, ఏలూరు, బెజవాడల మీదుగా, కొమ్మమూరు, బకింగుహాము కాలువల వెంట చెన్నపట్టణము దాక జలమార్గ మేర్పడెను. ధాన్యము, ఉప్పు, కలప నింపిన పడవలు గాలి యున్నపుడు తెరచాపతోను, లేనపుడు గట్టున నడచు మనుష్యులు త్రాట లాగగాను సాగుచుండెడివి. ఆ త్రాడు లాగిన కూలీల పేర్లు ఏ చరిత్రయు వ్రాయలేదు.

1860 లో ఆయన స్వదేశమునకు మరలెను. మరుసటి యేట సర్ బిరుదము లభించెను. 1876-78 నాటి ఘోరక్షామమున లక్షలకొలది ప్రజలు చనిపోగా, ఇనుపదారులకు వ్యయించిన ద్రవ్యము కాలువలకు వ్యయించి యుండిన మేలయ్యెడిదని 1878 లో పార్లమెంటు విచారణ సంఘము నెదుట వాదించెను.

ఆ వాదము నంతయు మేమంగీకరింపలేము. దుమ్ముగూడెమునకు ఎగువ గోదావరిని పడవలకు అనుకూలపరుపబూనిన పని, రాళ్లవలనను వేసవి నీటికొరతవలనను విశేషధనవ్యయ మయ్యును సాగక, 1871 లో విడువబడెను. మన వంశధార, నాగావళి నదులును వానకాలమున ఉరికి వేసవిలో ఇసుకయగునవి. కనుక మన శ్రీకాకుళ విజయనగర సీమల సరకునకు బండియు, తరువాత రైలునే గతి. అయినను, తొందర లేని బరువు సరకునకు నీటిబాట చవుక యను ఆయన మాట డెల్టాలో నిజమయ్యెను.

వార్ధకమున డార్కింగు పురమున నివసించుచు, లోతుగా దున్ని గోధుమ పండించు ప్రయోగములు చేయుచుండెను. 1899 జులై 24 న పరమపదించెను. మరుసటి యేడే రాజమండ్రికడ గోదావరిపై రైలువంతెన తెరువబడెను. పిదప లారీలును వచ్చి కాలువ పడవలు నానాటికి తగ్గిపోయెను. పాత ఆనకట్టకు బదులు కట్టిన బారేజికి ఆయన పేరే పెట్టబడినది. కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు, బకింగుహాము కాలువలను 2008 లో భారతప్రభుత్వము నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించెను.