నడివయస్సులో నేర్చిన పని: విలియము కాక్స్‌టను జీవితము



ఇంగ్లండు దేశమునకు మొట్టమొదట అచ్చుయంత్రమును తెచ్చిన విలియము కాక్స్‌టనును గూర్చి ఈ నెల మేము వ్రాయుచున్నాము. ఆయన చిన్ననాటినుండి అచ్చుపని ఎరిగినవాడు కాడు. ముప్పదేండ్లకు పైగా బట్టల వర్తకుడుగా నుండి, ఏబదేండ్లు అటూ ఇటూగా నున్నప్పుడు, తాను ఎన్నడును ముట్టని పనిముట్లను చేతపట్టెను.

కాక్స్‌టను ఇంగ్లండులోని కెంటు సీమలో పుట్టెను. 1438వ సంవత్సరమున లండనులో రాబర్టు లార్జి అను గొప్ప బట్టల వర్తకుని యొద్ద పని నేర్చుకొనుటకు చేరెను. ఆ యజమానుడు మరుసటి సంవత్సరమే లండను నగర మేయరు ఆయెను. 1441లో చనిపోవుచు, ఈ కుర్రవానికి కొంత సొమ్ము వ్రాసి పెట్టెను. తరువాత కాక్స్‌టను సముద్రము దాటి, నేటి బెల్జియములోనున్న బ్రూజెస్ పట్టణమునకు పోయి వర్తకము చేసెను. 1462 ప్రాంతమున అచ్చటి ఇంగ్లీషు వర్తకులందరిమీద అధిపతిగా నియమింపబడెను. వారి తగవులు తీర్చుట, వారి పక్షమున ప్రభువులతో మాటలాడుట ఆయన పని. లోకము దృష్టికి ఇంతకంటె కావలసినదేమి?

అట్టి కాలములో ఆయన ట్రాయి పట్టణపు కథలుగల ఒక ఫ్రెంచి గ్రంథమును ఇంగ్లీషులోనికి మార్చ మొదలుపెట్టెను. కొన్ని పుటలు వ్రాసి, తనకు చేతకాదని విడిచిపెట్టెను. బర్గండీ ప్రభువు భార్యయు, ఇంగ్లండు రాజు సహోదరియునైన మార్గరెటు ఆ కాగితములు చూచి, భాషలోని తప్పులు దిద్ది, మిగిలినది పూర్తిచేయుమని ఆజ్ఞాపించెను. 1471 సెప్టెంబరులో, జర్మనీ దేశపు కొలోను నగరమున ఆయన దానిని ముగించెను.

అప్పుడొక చిక్కు వచ్చెను. ఆ గ్రంథము కావలెనని పలువురు అడిగిరి. ఆయన ఇత్తునని మాట ఇచ్చెను. ఆ దినములలో ఒక ప్రతి కావలెనన్న ఆసాంతము చేతితో వ్రాయవలసినదే. వ్రాసి వ్రాసి తన కలము అరిగినదనియు, చెయ్యి అలసి వణకుచున్నదనియు, తెల్లకాగితము చూచి చూచి కన్నులు మసకబారినవనియు ఆయనే చెప్పుకొనెను. వయస్సు మీదపడుచున్నదని ఎరిగియుండియు ఆయన ఇచ్చిన మాటను వెనుకకు తీసికొనలేదు. కొలోనులో అప్పటికే అచ్చుకూటములు కలవు. గనుక స్వంత సొమ్ము ఖర్చుపెట్టి ఆ విద్యను నేర్చుకొనెను.

ఆ పని సులువైనది కాదు. ఒక్కొక్క అక్షరము ఒక్కొక్క లోహపు ముక్కమీద, అద్దములో కనబడినట్లు ఎదురుగా నుండును. వాటిని ఏరి వరుసలుగా కూర్చి, చట్రములో కదలకుండ బిగించి, తోలు ఉండలతో సిరా అద్ది, తడిపిన కాగితము పరచి, మరను త్రిప్పి అదుమవలెను. పని ముగిసినపిమ్మట అక్షరములను కడిగి, దేని గదిలో దానిని తిరిగి వేయవలెను. నిన్నటివరకు వర్తకులకు తీర్పు చెప్పిన పెద్దమనిషి ఇప్పుడు సిరా మరకలతో నిలుచుండెను.

1473-74 ప్రాంతమున, బ్రూజెస్‌లో, ఆ ట్రాయి కథల గ్రంథమే అచ్చుపడెను. ఇంగ్లీషు భాషలో అచ్చయిన మొదటి పుస్తకము అదే. 1476లో ఆయన స్వదేశమునకు వచ్చి, లండను దాపుననున్న వెస్టుమినిస్టరులో అచ్చుకూటము పెట్టెను. 1477 నవంబరులో అచ్చటినుండి వెలువడిన తత్వవేత్తల సూక్తుల గ్రంథము, తేదీతో ఇంగ్లండులో అచ్చయిన మొదటి పుస్తకము.

ఆయన మొదటి పుస్తకములలో వరుసల చివరలు సమముగా లేవు. ఏండ్లు గడచిన కొలది ఆ లోపము దిద్దుకొనెను. చాసరు కవి వ్రాసిన కాంటర్‌బరీ కథలు అచ్చువేసినప్పుడు, ఒక చదువరి వచ్చి, ఆ ప్రతి సరియైనది కాదనియు, తన తండ్రి యొద్ద మంచి ప్రతి ఉన్నదనియు చెప్పెను. కాక్స్‌టను కోపగించుకొనలేదు. ఆ ప్రతిని తెప్పించుకొని, 1483 ప్రాంతమున గ్రంథమంతయు తిరిగి అచ్చువేసెను.

ఆ సంవత్సరమే భక్తుల చరిత్రలుగల స్వర్ణగాథ అను మహాగ్రంథమును తర్జుమా చేయుచు, సగములో ధైర్యము చెడి విడిచిపెట్టబోయెను. అరండెల్ ప్రభువు కబురు పంపి, కొన్ని ప్రతులు కొందుననియు, ఏటేట వేసవిలో ఒక మగ జింకను, చలికాలములో ఒక ఆడు జింకను ఇత్తుననియు మాట ఇచ్చి ధైర్యపరచెను. ఇంగ్లీషులో వేదగ్రంథమును అనుమతి లేక తర్జుమా చేయరాదని అప్పట్లో కట్టుబాటు. అయినను ఈ స్వర్ణగాథలో పాత నిబంధన కథలు కొన్ని ఇంగ్లీషు మాటలలో జనులకు అందెను. తరువాత 1525లో విలియము టిండేలు ఇంగ్లీషు క్రొత్త నిబంధనను అచ్చువేయ మొదలుపెట్టినదియు కొలోనులోనే. విరోధులు ఆపగా 1526లో వర్మ్స్ పట్టణమున పూర్తియాయెను.

పదిహేనేండ్లలో కాక్స్‌టను దాదాపు నూరు పుస్తకములు అచ్చువేసెను; ఇరువదికి పైగా తానే తర్జుమా చేసెను. 1491 ప్రాంతమున చనిపోయిన దినమువరకు పూర్వకాలపు సన్యాసుల చరిత్రను తర్జుమా చేయుచునే యుండెను. ఆయన యొద్ద పనిచేసిన వింకిన్ డి వర్డ్ దానిని 1495లో అచ్చువేసెను.

ఈయనకు సొమ్ము కలదు, ప్రభువుల ప్రాపకము కలదు, మాకు అవి లేవని మీరనవచ్చును. అది నిజమే. మగ్గము మూలపడిన వానికి, నలుబది ఐదేండ్ల వయస్సున వడ్రంగమో కరెంటు పనియో నేర్చుకొనుమనుట తేలిక; నేర్చుకొను నెలలలో ఇల్లు గడచుట కష్టము. అందుచేతనే మార్గరెటును, అరండెల్ ప్రభువును మరువరాదు. ఒకరు తప్పులు దిద్దిరి, ఒకరు సగములో ఆగినవానిని లేపిరి. మన సంఘములో ఎవరైనను నడివయస్సున పని నేర్చుకొన పూనినయెడల, ఆ కొద్ది నెలలు వాని ఇంటికి గింజలు పంపుట, వాడు చేసిన మొదటి వంకర బల్లను నవ్వక కొనుట మన వంతు. పాతికేండ్ల మేస్త్రి ముందర తలవంచి అడుగుట మాత్రము వాని వంతు; అది ఏ ప్రభువును ఆయనకు బదులుగా చేయలేడు.