అన్నం పెట్టిన గురువు – సాలూరు చినగురువుగారు

ఘంటసాల పాట వినని ఇల్లు మన జిల్లాలో ఉండదు. మా ఊరి రామకోవెల మైకులో తెల్లారగట్ల మొదట వినిపించేది ఆయన గొంతే. ఆ గొంతుకు పాఠం చెప్పిన గురువు మన ఉత్తరాంధ్ర మనిషేనని పీజీలో చేరేదాకా నాకు తెలీదు. ఆయనే పట్రాయని సీతారామశాస్త్రి గారు.

శాస్త్రిగారు 1900లో పుట్టారు. తండ్రి నరసింహశాస్త్రి గారిదీ సంగీతం చెప్పే వృత్తే. సాలూరులో తండ్రిని పెదగురువుగారనీ, కొడుకుని చినగురువుగారనీ పిలిచేవారు. హార్మోనియం తానే వాయించుకుంటూ పాడడం చినగురువుగారి పద్ధతి. హార్మోనియం మన సంగీతానికి పనికిరాదని అప్పట్లో చాలామంది పండితుల వాదన. 1940లో ఆలిండియా రేడియో కూడా దాన్ని నిషేధించింది. అయినా చినగురువుగారంటే పెద్దలకు గుర్తొచ్చేది ఆ హార్మోనియమే.

1936లో ఆయన విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం పంతులుగా చేరారు. ఆ కళాశాలదీ ఒక కథే. చూపులేని ఒక కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనతో 1919లో మహారాజావారు దాన్ని పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు.

గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వర్లు ఒంటరిగా ఈ కళాశాలను వెతుక్కుంటూ వచ్చాడు. తండ్రి చిన్నప్పుడే పోయారు. చేతి ఉంగరం అమ్మిన డబ్బుతో రైలెక్కాడంటారు. తీరా వస్తే వేసవి సెలవులు! కొన్నాళ్లు వారాలు చేసుకుని తిన్నాడు. తను చెయ్యని తప్పు ఒకటి మీద పడేసరికి ఆ ఇళ్ల తలుపులూ మూసుకున్నాయి. అప్పుడు ఇంటికి తీసుకెళ్లింది శాస్త్రిగారే. ఆయనకీ కలిమి లేదు. పిల్లలున్న సంసారం. అయినా ఒక్క పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. ఇంట్లో గింజలు చాలని రోజుల్లో ఘంటసాల జోలె కట్టుకుని మధుకరానికి వెళ్లేవాడు. మిగిల్చి గుడ్డలో మూటకట్టుకున్న అన్నానికి చీమలు పట్టేవని ఆయన జీవితం రాసినవారు చెబుతారు.

ఈ చీమల సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ చదువుకోలేదు. ఆరో తరగతిలో నన్ను హాస్టల్లో దింపిన రోజు వంటగది గుమ్మం దగ్గర నిలబడి, నా కంచంలో అన్నం పడేదాకా చూసి అప్పుడు బస్సెక్కింది. పాఠం ముందా, అన్నం ముందా అంటే మా అమ్మ లెక్క అదీ. చినగురువుగారి లెక్కా అదే అయ్యుంటుందని నాకనిపిస్తుంది.

ఇంకొక్క మాట దాచకుండా చెప్పాలి తమ్ముళ్లూ. వారాలూ మధుకరమూ బ్రాహ్మణ పిల్లలకున్న ఆసరాలు. అదే విజయనగరంలో ఆ రోజుల్లో మన పేటల పిల్లాడికి ఎంత గొంతున్నా, జోలె పట్టుకుని నిలబడడానికి ఆ వీధుల్లో ఒక్క గుమ్మం కూడా ఉండేది కాదు. శాస్త్రిగారి మీద గౌరవం తగ్గించడానికి కాదు ఇది రాస్తున్నది. ఎన్ని గొంతులు అలా అన్నం లేక ఆగిపోయాయో ఎవరు లెక్క రాశారు? మన మెస్ సాంబారు నీళ్లలా ఉందని నేనూ కంచం విసిరినవాణ్ణే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఘంటసాల ఆ కళాశాలలోనే చదువు పూర్తి చేశారు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లారు. తర్వాత మద్రాసు చేరి ఎంతటివారయ్యారో మీకు నేను చెప్పక్కర్లేదు.

శాస్త్రిగారు 1957లో కన్నుమూశారు. ఆయన పెద్దకొడుకు సంగీతరావు గారు మద్రాసులో ఘంటసాలకు సహాయకులుగా ఉండేవారు. తండ్రి ఇంట్లో పాఠం నేర్చుకున్న కుర్రాడు పాడుతుంటే, కొడుకు పక్కన కూర్చుని హార్మోనియం వాయించేవారు. ఘంటసాల 1974లో పోయారు. సంగీతరావు గారు నూరేళ్లు దాటి బతికి 2021లో వెళ్లిపోయారు.

మొన్న విజయనగరం వెళ్లినప్పుడు ఆ కళాశాల దగ్గర కాసేపు నిలబడ్డాను. లోపల ఎవరో పిల్లలు సరళీ స్వరాలు పాడుతున్నారు. అందులో ఒక గొంతు మా ఊరి యాసలా వినిపించింది.